నిత్యజీవము – నేటి మన ఇల్లు





మనవారు మంచము మీద ఉన్నప్పుడు మనసులో ఎన్నో ప్రశ్నలు లేస్తాయి. వార్డులో పనిచేసే మాకు అవి తరచుగా వినబడుతుంటాయి. "ప్రభువు చూసుకుంటడు గదా సిస్టరమ్మా, ఈ గోలీలు ఇంక ఎన్ని దినాలు మింగాలె?" అని ఒకరు అడుగుతారు. "ఎట్లన్నా పరలోకానికి పోయే ముసలామె, ఇంక గీ ఖర్చంత ఎందుకు?" అని మరొకరు మెల్లగా అంటారు. "కండ్లు దానమిస్తే పునరుత్థాన దినాన గుడ్డిగ లేస్తమా?" అని ఇంకొకరు భయపడతారు.

ఈ మూడింటి వెనుక ఉన్న ప్రశ్న ఒక్కటే. మరణము తరువాత జీవమున్నదని నమ్మేవారు ఈ రోజు, ఈ ఇంట్లో, ఈ మంచము ప్రక్కన ఎలా నడుచుకోవాలి? ఈ పాఠములో దానిని గురించి ఆలోచిద్దాము. మీరు క్రైస్తవులు కాకపోయినా చదవండి. రోగి సేవ గురించిన మాటలు అందరికీ ఉపయోగపడతాయి.

1. నిత్యజీవము ఎప్పుడు మొదలవుతుంది?

చాలామంది నిత్యజీవమంటే చనిపోయాక చేతికి వచ్చే బీమా సొమ్ము వంటిదని అనుకుంటారు. బ్రతికి ఉన్నంతకాలము కాగితము పెట్టెలో ఉంటుంది, పోయాక పని చేస్తుంది అన్నట్టు. యోహాను సువార్త 17:3 చూడండి. అద్వితీయ సత్యదేవుని, ఆయన పంపిన యేసుక్రీస్తును ఎరుగుటయే నిత్యజీవమని ప్రభువు తన ప్రార్థనలో చెప్పారు. ఎరుగుట అనేది ఈ రోజే మొదలయ్యే పని. కనుక నిత్యజీవము కూడ ఈ రోజే మొదలవుతుంది.

ఆ జీవము ఎలాంటిదో మార్కు సువార్త 5వ అధ్యాయములో కనబడుతుంది. యాయీరు అనే సమాజమందిరపు అధికారి కుమార్తెను, పన్నెండేండ్ల పిల్లను, ప్రభువు మరణము నుండి లేపారు. ఇంట్లోవారు ఆశ్చర్యములో మునిగి ఉండగా ఆయన ఏమి చెప్పారు? ఆ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమన్నారు. మరణమును జయించినవాడు ఆ వెంటనే పిల్ల ఆకలి గురించి తలచాడు! లాజరును సమాధిలో నుండి పిలిచినప్పుడు కూడ (యోహాను 11) అతని కట్లు విప్పమని ప్రక్కనున్న మనుష్యులకే చెప్పారు. దానికి ముందు, తానే పునరుత్థానమని తెలిసి కూడ, ఆయన ఏడ్చారు.

దీనిలో మనకు మూడు సంగతులున్నాయి. నిరీక్షణ ఉన్నవారు ఏడ్వవచ్చు. నిరీక్షణ ఉన్నవారు అన్నము పెట్టాలి. దేవుడు చేయవలసినది దేవుడు చేస్తాడు, కట్లు విప్పే పని మాత్రము మనకే అప్పగిస్తాడు.

2. మన జిల్లాలోనే ఒక సాక్ష్యము

ఈ మాటకు దూరదేశపు ఉదాహరణ అక్కరలేదు. నిజామాబాదు నుండి హైదరాబాదు దారిలో డిచ్‌పల్లి ఉన్నది. ఈనాడు తెలంగాణ విశ్వవిద్యాలయము ఉన్న ఊరు అదే. స్కాట్లాండు దేశస్థురాలైన డాక్టర్ ఇసబెల్ కెర్ గారు, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ గారు 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున మన ప్రాంతానికి వచ్చారు. ఆ రోజులలో కుష్ఠురోగులను ఊరి వెలుపలికి పంపేవారు. బ్రతికి ఉండగానే చనిపోయినవారి లెక్కలో వేసేవారు. అలాంటివారి కోసము 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి ఏర్పడింది. దానికి ధారాళముగా విరాళమిచ్చిన రాజా నర్సాగౌడు గారు హిందువు. స్కాట్లాండు వైద్యురాలి చేతులు, నిజామాబాదు దాత సొమ్ము కలిసి ఆ పని జరిగింది.

ఒక సంగతి గమనించండి. ఆనాడు కుష్ఠుకు పూర్తిగా నయము చేసే మందు లేదు. చాల్ముగ్ర నూనె ఇంజెక్షన్లు ఉండేవి. అవి చాలా నొప్పి పెట్టేవి, కొందరికే మేలు చేసేవి. డాప్సోన్ వాడకము 1940వ దశకములో గాని మొదలు కాలేదు. ఇప్పుడు మనము వాడే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది 1981లో. ఇసబెల్ కెర్ గారు 1932లోనే మరణించారు. అంటే ఆమె నయము కాని రోగానికే జీవితమంతా సేవ చేసింది.

"ఎట్లన్నా నయము కాదు, పరలోకములో బాగవుతారు లే" అని ఆమె అనుకొని ఉంటే డిచ్‌పల్లిలో ఇటుక మీద ఇటుక లేచేదా? నిత్యజీవమును నమ్మినది గనుకనే ఆమె ఎదుట ఉన్న మనిషిని పారవేయదగిన మనిషిగా చూడలేదు. ఎల్లకాలము విలువగల మనిషిగా చూసి పుండు కడిగింది. మంచము ప్రక్కన నిత్యజీవపు నమ్మకానికి అర్థము ఇదే.

ఈ రోజు కుష్ఠు పూర్తిగా నయమవుతుంది. స్పర్శ తెలియని మచ్చ, తెల్లగా గాని ఎర్రగా గాని ఒంటి మీద కనబడితే దాచుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రులలో మందు ఉచితము. రోగ రకమును బట్టి 6 నెలలు గాని 12 నెలలు గాని వాడాలి. మందు మొదలుపెట్టిన కొద్ది కాలానికే ఇతరులకు అంటించే గుణము పోతుంది. కనుక వేరు పళ్ళెము, వేరు గుడిసె అవసరము లేదు.

3. నమ్మకము – మందులు

మందు మానడము విశ్వాసానికి గుర్తు కాదు. రాజైన హిజ్కియా మరణకరమైన రోగముతో ఉన్నప్పుడు స్వస్థపరచెదనని దేవుడు యెషయా ద్వారా వాగ్దానము చేశాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టించాడు (2 రాజులు 20:7). వాగ్దానము ఉన్నది, కట్టు కూడ ఉన్నది. రెంటికీ తగువు లేదు.

టీబీ సంగతి తీసుకోండి. సాధారణ టీబీకి మందులు 6 నెలలు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్ళు తేలికపడుతుంది. అప్పుడే "ప్రభువు ముట్టాడు" అని మందు ఆపేవారున్నారు. ప్రభువు ముట్టిన మాట నిజమైతే ఆయనకు కృతజ్ఞత చెల్లిస్తూ మిగిలిన నెలలు కూడ మింగండి. మధ్యలో ఆపితే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. ఆ మొండి క్రిములు మీ ఇంట్లోని చిన్నపిల్లలకు అంటవచ్చు. కనుక ఇది పొరుగువానిని ప్రేమించే ఆజ్ఞకు సంబంధించిన విషయము. టీబీ రోగికి పోషకాహారము కోసము ప్రభుత్వమిచ్చే సహాయము 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై 2024 నవంబరు నుండి 1000 రూపాయలయింది. బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి దానిని పొందండి. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించండి.

బీపీ, షుగరు మాత్రలు కూడ ఇంతే. ఉపవాస ప్రార్థన చేయదలచిన షుగరు రోగులు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. మాత్రలు గాని ఇన్సులిన్ గాని వేసుకొని కడుపు మాడ్చుకుంటే చక్కెర పడిపోయి ప్రాణాపాయము కలుగుతుంది.

4. "ఎన్నటికైనా సచ్చేదే గదా!"

తాగుడు మానమంటే మన ప్రాంతములో వినబడే జవాబు ఇది. అపొస్తలుడైన పౌలు ఈ జవాబును ఎరుగును. మృతులు లేపబడకపోతే తిని త్రాగి చావడమే సరి అవుతుందని 1 కొరింథీ 15:32లో వ్రాశాడు. అంటే అది నిరీక్షణ లేనివారి మాట. దేవుడు లేపబోయే శరీరము గనుక ఈ శరీరమునకు విలువ ఉన్నది.

ఇక్కడ కుటుంబ సభ్యులకు ఒక హెచ్చరిక. మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు ఏండ్ల తరబడి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానితే ఒణుకు, ఫిట్స్, పిచ్చిమాటలు రావచ్చు. ప్రార్థన చేసి గదిలో పెట్టి తాళము వేయకండి. ఆసుపత్రికి తీసుకొని రండి. మందులిచ్చి మెల్లమెల్లగా మాన్పించవచ్చు. అతడిని తిట్టడము, కొట్టడము వద్దు. అతని కోసము కూడ క్రీస్తు మరణించాడు.

5. నమ్మకము – ఇంటి బంధాలు

బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. అది ఎన్నటికీ ఉంటుందని తాతలు అనుకున్నారు. 2015 డిసెంబరులో అది మూతబడినప్పుడు ఎన్నో ఇళ్ళ పొయ్యి మీద ఆ దెబ్బ పడింది. మనము శాశ్వతమనుకున్నవి ఇలాగే పోతాయి. నిత్యము నిలిచేవారు మనుష్యులు. కనుక మంచము ప్రక్కన ఈ నాలుగు పనులు చేయండి.

నిజము చెప్పండి. "అమ్మకు చెప్పొద్దు, బెంగతో పోతది" అని చాలామంది రోగము పేరు దాస్తారు. ఆమెకు మాత్రము చుట్టాల ముఖములు చూస్తేనే సగము తెలిసిపోతుంది. ఆమె మనకోసము, మనము ఆమెకోసము నటిస్తూ ఉంటే ఎవరి బాధ వారిదే అవుతుంది. ఒక్కసారే అంతా చెప్పనక్కరలేదు. "నీకేమి తెలుసుకోవాలని ఉన్నదమ్మా?" అని అడగండి. ఆమె అడిగినంత, ప్రేమతో చెప్పండి. డాక్టరు, నర్సు మీకు తోడుగా ఉంటారు. మరణము ఆఖరి మాట కాదని నమ్మేవారు దాని పేరు పలకడానికి భయపడనక్కరలేదు.

క్షమించండి. గట్టు పంచాయితీతో పదేండ్లుగా మాటలు లేని అన్నదమ్ములుంటారు. కోడలు మీద కోపముతో మనవలను చూడని అత్తలుంటారు. నిత్యత్వములో కలిసి ఉండవలసినవారితో ఈ వరండాలో మాట్లాడకపోతే ఎట్లా? రోగికి స్పృహ ఉండగానే పిలిపించండి. దుబాయిలోనో మస్కటులోనో ఉన్న కొడుకు సెలవు దొరికి వచ్చేవరకు ఆగకుండా ఈ రోజే ఫోనులో ముఖము చూపించండి. పెద్ద ప్రసంగాలు అక్కరలేదు. "తప్పయింది నాయినా", "నేనేం మనసుల పెట్టుకోలేదు" అంటే చాలు.

సేవను పంచుకోండి. మన ఇళ్ళలో రోగి భారమంతా ఒక్క స్త్రీ మీదనే పడుతుంది. బీడీలు చుట్టి కుటుంబమును పోషించే కోడలే రాత్రి మేలుకొని మలమూత్రాలు తీయాలి. మగవారు లెక్కలు చూస్తారు. ప్రభువు తానే నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగారు (యోహాను 13). కనుక కొడుకులారా, అల్లుళ్ళారా, ఈ పని మీది కూడ. లేవలేని రోగిని 2 గంటలకొకసారి ప్రక్కకు తిప్పండి. మడమలు, నడుము కింది ఎముక దగ్గర ఎర్రబడిందేమో చూడండి. ఎర్రబడిన చోట గట్టిగా రుద్దకండి. అన్నము పెట్టేటప్పుడు తల, వీపు ఎత్తి కూర్చోబెట్టండి. రాత్రి మేలుకొన్నవారిని పగలు పడుకోనివ్వండి.

వెనుక ఉండేవారి కోసము ఏర్పాటు చేయండి. సిలువ మీద వ్రేలాడుతూ కూడ ప్రభువు తన తల్లిని శిష్యుడైన యోహానుకు అప్పగించారు (యోహాను 19:26, 27). నిత్యజీవమిచ్చే ప్రభువు తల్లి రేపటి అన్నము, రేపటి నీడ గురించి ఆలోచించారు. కనుక పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు ఖాతాకు నామినీ, అప్పుల లెక్క, పిల్లల చదువు గురించి మాట్లాడుకోవడము అపశకునము కాదు. విధవరాలు కాబోయే స్త్రీని ఆ మాటలలో కూర్చోబెట్టండి. ఆమె వెనుక ఆమె ఇంటిని పంచుకోకండి.

6. నయము కాని రోగమని చెప్పినప్పుడు

"పోయేవారికి ఖర్చెందుకు?" అనే ప్రశ్నకు ఇప్పుడు వద్దాము. ఈ ప్రశ్నలో రెండు తప్పులకు దారి ఉన్నది. ఒకటి, రోగిని మూలన పడవేయడము. రెండవది, లోకుల మాటకు భయపడి ఉన్న ఎకరము అమ్మి, ఫలితము లేదని డాక్టర్లు చెప్పిన తరువాత కూడ ఊరూరా యంత్రాల చుట్టూ త్రిప్పడము. మరణ భయముచేత జీవితకాలమంతా దాస్యములో ఉన్నవారిని విడిపించడానికే క్రీస్తు వచ్చాడని హెబ్రీ 2:15 చెబుతుంది. ఆ భయము లేనివారు డాక్టరును నిదానముగా అడగగలరు: ఈ చికిత్సతో మేలు ఎంత? బాధ ఎంత? ఖర్చు ఎంత? ఇంటికి తీసుకొని వెళ్తే ఎలా చూసుకోవాలి?

చికిత్స ఆగినా సేవ ఆగదు. నొప్పి తగ్గించడము, ఆయాసము తగ్గించడము, పుండ్లు శుభ్రము చేయడము కూడ వైద్యమే. దీనిని పాలియేటివ్ కేర్ అంటారు. క్యాన్సరు నొప్పికి డాక్టరు వ్రాసే మార్ఫిన్ మాత్రలను చూసి భయపడకండి. చెప్పిన మోతాదులో వాడితే అవి ప్రాణము తీయవు. నొప్పిని ఓర్చుకొంటే పుణ్యమని రోగికి బోధించకండి. సిలువ మీద మన పాపములు మోయబడ్డాయి గాని మనవారి క్యాన్సరు నొప్పి వాటికి చెల్లింపు కాదు.

చివరి గంటలలో, మగతలో ఉన్నవారి నోటిలో నీళ్ళు, పాలు పోయకండి. అవి ఊపిరితిత్తులలోనికి పోతాయి. తడిబట్టతో పెదవులు తడపండి, చాలు. వారు పలకకపోయినా మీ మాట వినబడుతూ ఉండవచ్చు. కనుక మంచము ప్రక్కన ఆస్తి మాటలు వద్దు. చేయి పట్టుకొని పేరుతో పిలవండి. పాట పాడండి.

7. నేత్రదానము – పునరుత్థానము

చనిపోయినవారి కన్ను ముందు భాగములో ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. కార్నియా చెడిపోయి చూపు లేనివారికి దానిని అమర్చితే చూపు వస్తుంది. ఒకరి దానము వలన ఇద్దరికి చూపు రావచ్చు. మరణించిన 6 గంటల లోపల తీయాలి. కనుక వెంటనే నర్సుకు చెప్పండి. ఈలోగా కనురెప్పలు మూసి, వాటి మీద తడి దూది ఉంచండి. ఫ్యాను ఆపండి. తలను దిండు మీద కొంచెము ఎత్తుగా పెట్టండి. ముఖము వికారము కాదు. కండ్లద్దాలు వాడినవారు, శుక్లాల ఆపరేషను అయినవారు, షుగరు ఉన్నవారు కూడ ఇవ్వవచ్చు. హెచ్.ఐ.వి., కామెర్లు కలిగించే హెపటైటిస్ బి, సి, రేబిస్ వంటివి ఉన్నవారివి తీసుకోరు.

మరి పునరుత్థాన దినాన? డిచ్‌పల్లిలో వేళ్ళు పోయి, పాదాలు పోయి ప్రభువునందు నిద్రించినవారి గురించి ఆలోచించండి. ఆ దినాన వారు వేళ్ళు లేకుండా లేస్తారా? ఏటిలో కొట్టుకొనిపోయినవారిని, నిప్పులో కాలినవారిని దేవుడు లేపలేడా? 1 కొరింథీ 15లో పౌలు విత్తనమును చూపిస్తాడు. బోధన్ రైతులకు అది బాగా తెలుసు. చాలులో పెట్టిన చెరకు ముచ్చె మట్టిలో కుళ్ళిపోతుంది, దాని కన్ను నుండి మొలక వచ్చి మనిషిని మించి పెరుగుతుంది. పాత ముచ్చె ముక్కలు ఏరి గడను ఎవరూ కట్టరు. జీవమిచ్చేవాడు దేవుడు. కనుక కన్ను ఇచ్చినవారు పునరుత్థానములో ఏమీ పోగొట్టుకోరు. ఇష్టము లేని కుటుంబమును మాత్రము ఎవరూ బలవంతము చేయరాదు. దానము మనఃపూర్వకముగా ఉండాలి.

ముగింపు

పౌలు 1 కొరింథీ 15లో పునరుత్థానము గురించి 58 వచనములు వ్రాశాడు. చివరి వచనములో, ప్రభువునందు మీ ప్రయాసము వ్యర్థము కాదని ధైర్యము చెప్పాడు. తరువాతి అధ్యాయము మొదటి మాటలోనే యెరూషలేములోని విశ్వాసుల అక్కర కోసము చందా ఎలా ప్రోగు చేయాలో చెప్పాడు. పరలోకపు మాట నుండి పేదవాని పళ్ళెములోనికి ఒక్క అడుగే ఉన్నది.

కనుక మీరు మార్చిన పక్కగుడ్డ వ్యర్థము కాదు. తినిపించిన గంజి వ్యర్థము కాదు. రోగి బాగై ఇంటికి నడిచి వచ్చినా, ప్రభువు నొద్దకు వెళ్ళినా, మీ ప్రేమలో ఒక్క గంట కూడ దేవుని లెక్కలో తప్పిపోదు.

ఇంట్లో కలిసి మాట్లాడుకొనుటకు:

అ) మన ఇంట్లో ఎవరైనా మధ్యలో ఆపిన మందులున్నాయా?
ఆ) ఈ వారములో ఎవరితో సమాధానపడవలసి ఉన్నది?
ఇ) రోగి సేవలో ఎవరికి విశ్రాంతి దొరకడము లేదు? ఆ పనిలో నేను పంచుకోగలిగినది ఏమిటి?
ఈ) నేత్రదానము గురించి మనవారి ఇష్టము మనకు తెలుసా?

ప్రార్థన: ప్రభువా, నీవు మరణమును జయించితివి గనుక మేము భయపడక సేవ చేయునట్లు సహాయము చేయుము. మా చేతులకు ఓర్పును, మా నోటికి నిజమును, మా ఇంటికి సమాధానమును దయచేయుము. నొప్పిలో ఉన్న మావారిని నీ చేతులలో ఉంచుకొనుము. ఆమేన్.